సూది జరం

సూది వేస్తే జరం రావాలి. చంటిపిల్లలకు వేసే సూదుల నాటి నుంచీ తల్లులు నమ్మే మాట ఇది. జరమొస్తేనే సూది పట్టినట్టు. సగం గోలీ వేసి తడిగుడ్డ పెడితే, తెల్లారేసరికి బిడ్డ లేచి ఆడుకుంటుంది.

కంగ్టి దగ్గరి ఆ పల్లెలో ఇద్దరు బడిపిల్లలు మెదడు జరంతో పోయాక, సర్కారోళ్లు బడిలోనే క్యాంపు పెట్టి ఊళ్లో ఉన్న పిల్లలందరికీ సూదులు వేశారు. మొగుడు పోయిన శివమ్మకు అంకిత ఒక్కతే దిక్కు. అందుకే కూతుర్ని అందరికంటే ముందు నిలబెట్టింది.

మర్నాడు పొద్దున పిల్ల ఒళ్లు కాలిపోతోంది. తల పగిలిపోతుందని ఏడ్చింది, వాంతి చేసుకుంది.

"సూది జరమే బిడ్డా, గోలీ ఏసుకొని పండు," అని శివమ్మ పత్తి ఏరడానికి వెళ్లింది. కూలి పోగొట్టుకునే ఇల్లు కాదు మరి. పొద్దు వాలి వచ్చేసరికి పిల్ల మెడ కొయ్యబారింది, కాళ్ల నిండా నేరేడుపండు రంగు మచ్చలు. ఆటోలో నారాయణఖేడ్ దవాఖానకు చేర్చేలోపే ఊపిరి ఆగింది.

డాక్టరమ్మ దాచలేదు. "సూదికి ముందే రోగం ఒంట్లోకి వచ్చేసిందమ్మా. సూది పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. పొద్దున్నే తెచ్చి ఉంటే బతికేదేమో."

ఆ మాట విన్నది శివమ్మ ఒక్కతే. ఇంటికొచ్చాక అత్త హన్మమ్మ "సూదే మింగింది నా మనుమరాలిని" అని గుండెలు బాదుకుంటే, వాడకట్టంతా అదే అందుకుంది. శివమ్మ కాదనలేదు. ఆ అబద్ధం చాటున ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. తప్పే, కానీ ఆ స్థితిలో ఎవరికైనా అంతే.

ఆ తర్వాత ఊళ్లో ఏ పిల్లకూ ఆ రోగం రాలేదు. అయినా రాని రోగం ఎవరి కంటికి ఆనుతుంది? పోయిన అంకితే అందరికీ కనిపించింది.

చెరకు నరకడానికి వలస పోయినవాళ్లు ఊరు చేరాక, వాళ్ల పిల్లల కోసం మళ్లీ క్యాంపు పెట్టారు. ఒక్కరూ రాలేదు. సూదులు వేసే నర్సమ్మ గడప గడపా తిరిగి, శివమ్మ మరిది బీరప్ప ఇంటికొచ్చింది. అతను వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు.

"మా అన్న బిడ్డను తిన్నది సాలదా? ఇగ నా పిల్లలు గావాల్నా?"

అతని వెనక నుంచి పిల్లలిద్దరూ తొంగి చూస్తున్నారు. వాళ్లకూ అదే గతి పడితే? పక్కనే తన ఇంటి అరుగు మీదున్న శివమ్మ లేచింది.

"సూది గాదు బీరప్పా. గా రోగం ముందుగాల్నే ఉండెనంట, డాక్టరమ్మ జెప్పింది. సూది జరమనుకొని నేనే ఇంట్ల పండవెట్టి పత్తికి వోయిన. పొద్దుగాల తీస్కవోతే బతుకుతుండె."

హన్మమ్మ గడపలోంచి కోడలి ముఖంలోకి చూసింది. "అయితే నువ్వే సంపుకున్నవా?"

"అవ్ అత్తా."

బీరప్ప పిల్లల చేతులు పట్టుకుని బడివైపు నడిచాడు. అతన్ని చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి వాడకట్టంతా కదిలింది. పోతున్నవాళ్లలో ఒక్కరూ శివమ్మను పలకరించలేదు. హన్మమ్మ ఆ పూట వేరే పొయ్యి పెట్టుకుంది.