టెస్ట్ అని రాసి ఉన్న క్యాసెట్

మాదాపూర్‌లో ఆ కంపెనీ నడిచిన ఇల్లు నిజానికి కాపురానికి కట్టించినది. హాల్లో కంప్యూటర్లు, పూజగదిలో పాత రిపోర్టుల కట్టలు, వంటింటి గట్టు మీద ప్రింటరు. మేడెక్కితే కొత్తగా లేచిన గుండ్రటి సైబర్ టవర్స్, దాని చుట్టూ ఇంకా పగలగొట్టాల్సిన బండలు. 1999లో ఊరంతా సాఫ్ట్‌వేర్ అని ఊగిపోతుంటే, ఈ ఇంట్లో మాత్రం జనం చెవులతో బతికేవారు. అమెరికా డాక్టర్లు రోగిని చూశాక నోటితో చెప్పిన వివరాలు క్యాసెట్లలో వస్తాయి. వాటిని విని ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా టైపు చేయాలి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని దానికో బరువైన పేరు.

నాగేశ్వరికి ఆ పేరు పలకడం వచ్చింది. వినడమే రాలేదు.

ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. తెలుగు మీడియం. వృక్షశాస్త్రంలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న పిల్ల, వందల మొక్కలకు లాటిన్ పేర్లు చెప్పగలదు. కానీ ఆ డాక్టర్లు నోట్లో ఏదో పెట్టుకుని నమిలినట్టు మాట్లాడుతుంటే, వెనకాల ఏసీ ఒకటి గొణుగుతుంటే, ఆమెకు మూడు మాటల్లో ఒకటి దొరికేది. మిగతా రెండింటి చోట గీత గీసేది. ఆ గీతను అక్కడ బ్లాంకు అంటారు. వినపడనిచోట బ్లాంకు పెట్టాలి గానీ ఊహించి రాయకూడదు. అదే ఆ పనిలో మొదటి సూత్రం.

ట్రైనింగు ఇచ్చే బాలాత్రిపురసుందరి గారు కాకినాడ ఆవిడ. వెనక కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి వచ్చారు. "మీరు రాసిన మందు అక్కడెక్కడో ఒక మనిషి మింగుతాడండీ. అది గుర్తుపెట్టుకుని టైపు చేయండి" అని రోజుకొకసారైనా అనేవారు. ఆ మాట నాగేశ్వరికి బాగా పట్టింది. అందుకే ఒక్క మాటా ఊహించేది కాదు. దాంతో ఆమె రిపోర్టులు జల్లెడలా తయారయ్యేవి.

ఆఖరి పరీక్ష వచ్చే శుక్రవారం. పేజీకి మూడు బ్లాంకుల వరకూ క్షమిస్తారు. నాగేశ్వరి సగటు పదకొండు. ఆమెకు అప్పటికే ఒకసారి గడువు పొడిగించారు, ఇంక పొడిగించరు. తప్పితే కూకట్‌పల్లి హాస్టల్ ఖాళీ చేసి, మేనమామ బట్టలకొట్టుకు తిరిగి వెళ్లి, జీవితాంతం చీరలు విప్పుతూ మడతపెడుతూ ఉండాలి. చీరల మీద ఆమెకు కోపమేమీ లేదు. కానీ తనకు చేతకాలేదన్న మాట తన నోటితో చెప్పుకోవాలంటేనే ప్రాణం ఉసూరుమనేది.

"శనివారం మీ అందరికీ ఒక టెస్టు టేపు ఇస్తాను, సాధన చేసుకోండి" అని సుందరి గారు చెప్పి ఉన్నారు. శనివారం నాగేశ్వరి అందరికంటే గంట ముందే వచ్చింది. చూస్తే ఆమె మెషీన్లో అప్పటికే ఒక క్యాసెట్ ఉంది. దాని మీద బాల్‌పెన్నుతో పెద్ద అక్షరాల్లో టెస్ట్ అని రాసి ఉంది.

ఇంకేం కావాలి! హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కాలి కింద పెడల్ నొక్కింది.

ముందు డుగ్గు డుగ్గుమని ఏదో మోటారు. దాని వెనక ఇనుము ఇనుముతో రాసుకున్నట్టు చప్పుడు. పరీక్ష కదా, కావాలనే ఇంత రొద పెట్టారనుకుంది. ఆ రొద అడుగున ఒక ఆడమనిషి. డాక్టరు కాదు, రోగే. మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్టే, ఎవరికీ వినపడకూడదని చెబుతున్నట్టు చెబుతోంది.

ఇక్కడ నాగేశ్వరిని చూసి నవ్వేవాళ్ళు కాస్త ఆగాలి. ఆమె ఎరిగిన పాట అంటే ముందు వయొలిన్లు రావాలి, తబలా పడాలి, నేనొక పాటనని అది ముందే చాటుకోవాలి. ఇది అలాంటిదేమీ చాటుకోలేదు. పైగా ఆ గొంతులో కష్టం నిజంగా ఉంది. పాపం, ఈమెకు ఎవరూ లేరా అనుకుంది నాగేశ్వరి. అనుకున్నాక ఇంగ్లిష్ సంగతి మర్చిపోయింది. కాలితో నొక్కడం, మూడు సెకన్లు వెనక్కి తిప్పడం, వినడం, టైపు చేయడం. మధ్యలో గిటార్ ఒకటి కీచుమంటే అంబులెన్సు వచ్చిందనుకుని ఆమె గుండె కూడా కుదుటపడింది.

పదకొండింటికి సుందరి గారు ఆ పేజీ చేతిలోకి తీసుకున్నారు. సగం చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఏమ్మా నాగేశ్వరీ, ఎవరిదీ రిపోర్టు?"

"టెస్ట్ టేపు మేడం. మానసిక రోగి."

పక్క సీటు మధుసూదన్ మెడ సాచి పైకి చదవడం మొదలుపెట్టాడు. కాన్వెంటు చదువు, బ్యాచ్‌లో మొదటివాడు, గొంతు కూడా పెద్దదే. అతను చదివినదానికి తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: రోగి స్త్రీ. ఇంట్లో దీపం వెలిగించవద్దని కోరుతున్నది. గోడ తన పేరు పిలుస్తున్నదని చెబుతున్నది. "నేను పడిపోలేదు, నేలే నా దాకా లేచి వచ్చింది" అని రోగి తెలిపినది. ఈ వాక్యమును రోగి నాలుగుసార్లు తెలిపినది, నాలుగుసార్లును టైపు చేయడమైనది. ఆకలి గురించి ప్రస్తావన లేదు.

హాలు హాలంతా పగలబడి నవ్వింది. నవ్వు విని పూజగదిలోంచి రవీందర్ పరుగెత్తుకొచ్చాడు. మెషీన్లు బాగుచేసేది అతనే.

"అయ్యో, గది నా క్యాసెట్ మేడం! మిషన్ల హెడ్ సాఫ్ చేసినంక గది ఏసి చూస్త. గందుకే టెస్ట్ అని రాసుకున్న. అది రోగి గాదు, పాట! ఇంగ్లిష్ బ్యాండు!"

నాగేశ్వరి ముఖం మాడిపోయింది. లేచి ఎవరి వంకా చూడకుండా మేడ మెట్లెక్కింది. పైన ఎండ, ఎదురుగా ఆ గుండ్రటి భవనం. ఎవరో ఎక్కడో బండ పేల్చారు, నేల సన్నగా అదిరింది. నేలే నా దాకా లేచి వచ్చింది, అనుకుంది. ఆ మాట తనకే చెప్పినట్టుంది. తనివితీరా ఏడ్చింది.

చాలాసేపటికి సుందరి గారు ఆయాసపడుతూ పైకి వచ్చారు. ఒక చేతిలో ఆ పేజీ. వెనక రవీందర్.

"ఆ పాట ఆసాంతం విన్నానమ్మా, నీ పేజీ ముందు పెట్టుకుని. మూడుసార్లు విన్నాను" అన్నారావిడ. "ఎన్ని బ్లాంకులు పెట్టావో చూసుకున్నావా?"

నాగేశ్వరి ముక్కు చీదుకుని కాగితం అందుకుంది. పైనుంచి కిందికి చూసింది. మళ్ళీ చూసింది. ఒక్క బ్లాంకూ లేదు. ఆఖర్న రిపోర్టులన్నిటికీ ఉండే వరుసలో, చెప్పినవారు అనే మాట ఎదుట మాత్రం గీత ఉంది. టేపులో పేరు వినపడలేదు గనక.

"ఊహించి రాసినవి కూడా ఏమీ లేవు. నాలుగుచోట్ల నాకే అర్థంకాలేదు, నీ కాగితం చూశాక వినపడింది. మరి ఆ డాక్టరు దగ్గర ఏమైపోతున్నాయమ్మా నీ చెవులు?"

నాగేశ్వరి ఆలోచించి, ఉన్నదున్నట్టు చెప్పింది. "డాక్టరు మాట్లాడుతాంటే ఇంగ్లిష్ ఇంటాండా మేడం, తప్పు పోతాదేమోనని. ఈమె మాట్లాడుతాంటే ఈమెనే ఇన్యా."

సుందరి గారు ఆమె భుజం మీద ఒకసారి తట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగిపోయారు.

రవీందర్ జేబులోంచి క్యాసెట్, సంచిలోంచి తన వాక్‌మన్ తీశాడు. "తీస్కో చెల్లె. శుక్రవారం దాక నీ దగ్గర్నే ఉంచుకో."

"ఏం బ్యాండన్నా ఇది?"

"ఎవరికెరుక! కోఠిల దోస్తు ఒకడు సీడీల కెంచి ఎక్కిచ్చి ఇచ్చిండు. పేరు అడుగుదామంటే ఆడు దుబాయ్ పోయిండు. నేను ముందుగాల జీడిమెట్లల మందుల కంపెనీల గోలీల మిషన్ మీద చేసిన. ఆ మిషన్ అచ్చం గిట్లనే కొట్టుకునేది, డుగ్గు డుగ్గని. పన్నెండు గంటలు దాని పక్కన నిలబడితే పిచ్చి లేస్తది. ఈ పాట ఇన్నంక, ఆ సప్పుడు మీద గూడ ఒకామె పాడొచ్చా అనిపిచ్చింది. ఇగ పిచ్చి లేవలే."

ఆ ఆరు రోజులూ నాగేశ్వరి చెవుల్లో ఆమే. కూకట్‌పల్లి నుంచి కిక్కిరిసిన షేర్ ఆటోలో, హాస్టల్ పంపు దగ్గర బకెట్ నిండేవరకూ, ఉప్మా ముందు. మొదట రొద తప్ప ఏమీ కాదనుకున్నదాంట్లో ఒక్కొక్కటే విడివడింది: ఇది కీబోర్డు, ఇది డ్రమ్ము, ఇది కావాలనే చెడగొట్టిన గిటారు. ఇన్ని ఇనుప చప్పుళ్ళ మధ్య ఆ గొంతు ఒక్కసారీ అరవలేదు. పైకి రావాలని ఆరాటపడలేదు. చీకట్లో నీ పక్కన కూర్చుంటాను గానీ దీపం పెట్టమని మాత్రం అడగకు అన్నట్టుండేది. ఓదార్పు మాట ఒక్కటీ లేని ఆ పాట తనను ఎందుకింత ఓదారుస్తోందో నాగేశ్వరికి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. కృతజ్ఞతగా మాత్రం ఉండేది.

గురువారం వాక్‌మన్ బ్యాటరీలు మార్చి ఇస్తూ రవీందర్ అడిగాడు. "రెండో సరణం అయినంక ఆమె ఏదో అంటది గదా, హూ హూ అని. అది నీ రిపోర్టుల రాయనేలేదేంది?"

"ఆడ ఆమె ఏమీ అనలేదన్నా. వట్టి మిషన్ సప్పుడే. నువ్వు రోజూ కలిపి పాడుకుంటాండావు గాబట్టి నీకు ఇనపడతాంది."

రవీందర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. నోరు తెరిచాడు. రెండేళ్ళుగా అక్కడ హూ హూ అంటున్నది తానేనని ఆ రోజు తెలిసింది పాపం.

శుక్రవారం పరీక్ష టేపు ఆ నమిలే డాక్టరుదే. వెనక ఏసీ, పైన ఎవరో బల్లలు ఈడుస్తున్నారు. నాగేశ్వరి కళ్ళు మూసుకుంది. ఇంగ్లిష్ కోసం వెతకలేదు. ఈయన ఎవరు అనుకుంది. వయసైపోయింది, అలసిపోయాడు, పొద్దుటినుంచీ ఎంతమందిని చూశాడో, పాపం అన్నం తింటూ చెబుతున్నాడు. పెడల్ నొక్కింది. ఏసీ దాని దోవన అది పోయింది. బల్లలు వాటి దోవన అవి పోయాయి. అడుగున ముసలాయన గొంతు మిగిలింది, స్పష్టంగా.

చివరి పేరాలో గుండెజబ్బు మందు పేరు చెప్పి, మోతాదు చెప్పబోయేసరికి ఆయనకు దగ్గు వచ్చింది. నాగేశ్వరి వెనక్కి తిప్పింది. తిప్పి తిప్పి విన్నది. అందరూ అప్పటికే ముగించి లేస్తున్నారు. పక్కన మధుసూదన్ టకటకా ఒక అంకె కొట్టేశాడు. ఆ మందుకు మామూలుగా రాసే మోతాదులు నాగేశ్వరికీ తెలుసు. ఒక అంకె వేళ్ళ దాకా వచ్చింది. కానీ ఆ దగ్గులో అంకె లేదు. రెండో చరణం తర్వాత ఆమె ఏమీ అననట్టే, ఇక్కడ ఈయనా ఏమీ అనలేదు. గీత పెట్టి లేచింది.

సాయంత్రం సుందరి గారు కాగితాలతో హాల్లోకి వచ్చారు.

"దగ్గుచోట పద్దెనిమిది మంది ఏదో ఒక అంకె రాశారండీ. ఒక్కొక్కరిదీ ఒక్కో అంకె. మింగేవాడు ఒక్కడే. ఆ పద్దెనిమిది మందీ సోమవారం మళ్ళీ పరీక్ష రాయాలి." ఆవిడ ఒక కాగితం పైకెత్తారు. "పేజీ మొత్తానికి ఒకటే బ్లాంకు, అదీ పెట్టవలసిన చోట. నాగేశ్వరీ, సోమవారం నుంచి నువ్వు అసలు పనిలో చేరుతున్నావు."

మధుసూదన్ ఈసారి నవ్వలేదు. నిజం చెప్పాలంటే చప్పట్లు మొదట కొట్టింది అతనే.

నాగేశ్వరి పూజగదికి వెళ్ళి వాక్‌మన్, క్యాసెట్ రవీందర్ చేతిలో పెట్టింది. రవీందర్ వాక్‌మన్ తీసుకుని క్యాసెట్ మళ్ళీ ఆమెకే ఇచ్చేశాడు.

"మిషన్లు టెస్ట్ చేయనీకి ఇంకోటి ఎక్కిచ్చుకుంట తియ్. ఇది నీది."

అందరూ వెళ్ళాక ఆమె తన సీట్లో కూర్చుని ఆ పాత కాగితం విప్పింది. ఆ పాడినామె ఏ దేశపు మనిషో, ఏ ఊళ్ళో ఉంటుందో. తన మాటను ప్రొద్దుటూరు పిల్ల ఒకతె జబ్బు అనుకుని, భయపడి, అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నదని ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఒక్కసారి ఎదురుపడితే బాగుండును, చేతులు పట్టుకుని బాగున్నావా అని అడగవచ్చు అనిపించింది.

ఆఖరి వరుసలో, చెప్పినవారు అనే మాట ఎదుట ఆ ఒక్క గీత అలాగే ఉంది. వినపడనిది ఊహించి రాయకూడదు. కానీ ఇది ఊహ కాదు, ఆరు రోజులు విన్నది. నాగేశ్వరి పెన్ను తీసి, ఆ ఇంగ్లిష్ రిపోర్టులో, ఆ గీత మీద, తెలుగులో రాసింది.

అక్క.