పొట్టి పలకలు

వంటామె మరిది వడ్రంగి. చేయి తిరిగినవాడు. ఒకసారి కొలిచాడంటే మళ్లీ టేపు తీయడు. వదిన వంట చేసే, కనుమ మీది విడిదికి మంచు పడేలోగా పైకప్పు మార్చాలని కబురు వెళితే, లారీ ఎక్కి ఒక్కరోజులో పైకి వచ్చేశాడు. అంత ఎత్తున గాలి పలచన, ఒంటికి అలవాటు కావాలి, సగం దారిలో రెండు రాత్రులు ఆగి రమ్మని వదిన మరీమరీ చెప్పి పంపింది.

"ఆగి ఆగి రావడానికి నేనేమన్నా పెళ్లివారినా వదినా?" అన్నాడు దిగుతూనే.

ఆ విడిదిలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు పొద్దున్నే వరండాలో చెక్కల అతుకు మీద అడుగుకి అడుగు ఆనించి నడవాలి. పలచని గాలి తలకెక్కి తూలినవాళ్లు ఎంతటివారైనా కిందికి దిగిపోవాల్సిందే. మరిదిని మాత్రం ఆమె నడిపించలేదు. ఇంటివాడే కదా అనుకుంది. తలనొప్పి అంటే మాత్ర ఇచ్చింది. తగ్గిందన్నాడు. ఊరుకుంది.

మర్నాడు పొద్దున ముద్ద ముట్టలేదు. ఆమె వంట తినాలంటే గుండె ధైర్యం కావాలని హాస్యమాడి పనిలోకి వెళ్లాడు. రంపం చప్పుడు ఆగి ఆగి వినిపిస్తూనే ఉంది. ఎంతకీ సుత్తి చప్పుడు రాలేదు. గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చింది.

గోడకు ఆరు పలకలు ఆనించి ఉన్నాయి. ఆరూ జానెడు పొట్టి. అతను ఏడోదాన్ని కొలుస్తున్నాడు, టేపు తలకిందులుగా పట్టుకుని.

"లే. ఈ అతుకు మీద నడువు" అంది.

"గీతలు గీసేవాడికే గీత చూపిస్తావా?"

మూడో అడుగుకి గోడ పట్టుకున్నాడు.

లారీ వచ్చిన రోజే వెళ్లిపోయింది. రేపు ఇంకోటి వస్తుంది, ఈలోగా పడుకోబెట్టమన్నాడు విడిది కాపలాదారు. అలా పడుకుని లేవనివాళ్లను ఆమె చూసింది. పొయ్యి ఆర్పి, మరిది చేయి భుజాన వేసుకుని దిగడం మొదలుపెట్టింది. కాపలాదారు రెండో చేయి పట్టుకున్నాడు.

మలుపు మలుపుకీ కూర్చుంటానన్నాడు. కూర్చోనివ్వలేదు. అన్నతో చెప్తానని బెదిరించాడు. చెప్పుకోమంది. కాసేపటికి ఆ బెదిరింపులూ ఆగిపోయాయి. వెనక మబ్బు దారిని కప్పుకుంటూ వస్తోంది. తెలివిలో ఉంచాలని ఆమె ఏవేవో అడుగుతూనే ఉంది.

మీ అన్నకు ఎందరు పిల్లలని ఒక మలుపులో అడిగితే, నాకు అన్నే లేడన్నాడు.

ఇంకా నాలుగు మలుపులు దిగాక మళ్లీ అదే అడిగింది. చాలాసేపు ఆలోచించాడు.

"ఇద్దరు" అన్నాడు.

సరిగ్గానే చెప్పాడు. ఆమె మాత్రం నడక తగ్గించలేదు.