నున్నని గీత

కాన్సస్ గోధుమ చేల మధ్య పాతిన ఇనుప స్తంభం మీద, ధాన్యపు గాదె కన్నా ఎత్తున వెర్లిన్ వేలాడుతున్నాడు. నేలకు దగ్గరగా గాలి ఎలా సుళ్లు తిరుగుతుందో కొలిచే పరికరాల్లో ఒకటి మొరాయిస్తే, మార్చడానికి ఎక్కాడు. కింద ట్రెయిలరులో కంప్యూటరు తెర ముందున్న చెల్లెలు జోలీన్ ఎక్కమంటేనే ఎక్కాడు. ఇలాంటిదే మరో స్తంభం దూరంగా పడమట పొలంలో ఉంది. ఆ వైపు నుంచి వచ్చే గాలి ముందు దాన్నే తాకుతుంది.

“ఏమే, ఇక్కడ ఆకు కదలట్లేదు. నీ తెర ఏమంటోంది?” అన్నాడు రేడియోలో.

“రెండు స్తంభాల గీతలూ నున్నగా ఉన్నాయి. కబుర్లు మాని పని కానియ్.”

“నాకో బియరాక్ రొట్టె మిగల్చవే తల్లీ. నీ ఆకలి సంగతి నాకు తెలుసు.”

జోలీన్ నవ్వుతూ కిటికీ వైపు తిరిగింది. పడమట నేల నుంచి ఆకాశం దాకా దుమ్ము గోడలా లేచి వస్తోంది. అవతలి స్తంభాన్ని అప్పటికే మింగేసింది. తెర మీద దాని గీత మాత్రం ఇంకా నున్నగానే ఉంది.

ఆమె గబుక్కున తెర దగ్గరికి జరిగింది.

గాలి లెక్కలవాళ్లకు ఒక అలవాటుంది. గీత మీద ఉన్నట్టుండి ముల్లు లేస్తే, పరికరం మీద పిట్ట వాలిందనో వానచుక్క పడిందనో అనుకుని లెక్కలోంచి కొట్టేస్తారు. చాలాసార్లు అది నిజమే. ఈ చాకిరీతో విసిగిపోయిన జోలీన్, ఆ కొట్టివేతను ఈమధ్యే కంప్యూటరుకు అప్పజెప్పింది. అదేదో మహా తెలివనుకుంది. ఇప్పుడు దాన్ని ఆపేసి చూస్తే, పడమటి గీత నిండా ముళ్లే.

“అన్నయ్యా, దిగు. ఉన్నపళంగా దిగు.”

“ఇప్పుడేగా నున్నగా ఉందన్నావు?”

“తప్పు చెప్పాను. పడమటకి చూడు.”

పైన వెర్లిన్ పడమటకి తల తిప్పాడు.

“దేవుడా,” అన్నాడు నెమ్మదిగా. “దిగే టైం లేదే. స్తంభానికి కట్టేసుకుంటున్నా.”

అంతలోనే గాలి వచ్చి పడింది. ట్రెయిలర్ ఒక పక్కకు లేచి దబ్బున కూలబడింది. కిటికీలో చేను లేదు, స్తంభం లేదు, అన్న లేడు. స్తంభాన్ని పట్టి ఉంచే ఇనుప తాళ్లు మూలుగుతున్నాయి. వాటిలో ఏది తెగుతుందోనని బల్ల అంచు పట్టుకుని వింటూ కూర్చుంది. చేజేతులా అన్నను చంపుకున్నాననుకుంది. అంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు.

హోరు తగ్గి దుమ్ము పలచబడ్డాక స్తంభం కనిపించింది. దాన్ని రెండు చేతులా వాటేసుకుని వెర్లిన్ కనిపించాడు.

“జో,” అన్నాడు. గొంతు పసిపిల్లాడిదిలా ఉంది. “గాలి ఆగిందా? దిగొచ్చా? నువ్వు చెబితేనే దిగుతా.”

జోలీన్ తెర చూసింది. ఈసారి కొట్టివేత లేకుండానే గీతలు నున్నగా సాగుతున్నాయి. ఆగిందని చెప్పబోయి మానుకుంది. ఇంత జరిగాక కూడా అతను తన మాట కోసమే కాచుకున్నాడు. అదే ఆమెను గాలి కన్నా ఎక్కువ భయపెట్టింది.

స్తంభం ఎక్కేటప్పుడు కట్టుకునే నడుం పట్టీని గోడ మీంచి తీసి బిగించుకుంది.

“కదలకు అన్నయ్యా,” అంది తలుపు తోస్తూ. “నేనే పైకొస్తున్నా.”