బొమ్మ మూలుగు

"నీకేం, రోజంతా కుర్చీలో కూర్చుని వీడియోలు చూడటమేగా పని. నా పరీక్ష వీడియో తగిలితే కాస్త చూసి మార్కులు వెయ్యి," అన్నాడు భర్త, పొద్దున్నే బూట్లు వేసుకుంటూ. తనలాగే భార్య కూడా డాక్టరేనన్న సంగతి అతనికి అవసరం పడినప్పుడే గుర్తొస్తుంది. ఆమె లంచ్ బాక్సు మూత బిగించింది. "వాడి పరువు పోతే నీది మిగులుతుందటమ్మా?" అని లోపలి నుంచి అత్తగారు అందుకున్నారు.

పేగుల్లోకి కెమెరా గొట్టం పంపే డాక్టర్లందరికీ ఈసారి పరీక్ష పెట్టారు. మనిషి మీద కాదు, యంత్రపు బొమ్మ మీద. గొట్టం మెలికపడి పేగును ఒత్తితే బొమ్మ ఆడగొంతుతో మూలుగుతుంది. అప్పుడు ఆగాలి, కాస్త వెనక్కి లాగి మెలిక విప్పుకుని, ఆ తర్వాతే ముందుకు పోవాలి. అది రాకపోతే ఒంటరిగా ఆ పని చేయనివ్వరు. వీడియోలు చూసి మార్కులు వేసేవాళ్ళలో ఆమె ఒకతె. వాళ్ళకు పేర్లు తెలియవు, ముఖాలు కనబడవు. చేతులు కనిపిస్తాయి, మాటలు వినిపిస్తాయి, అంతే.

మధ్యాహ్నం ఒక వీడియోలో బొమ్మ "అబ్బా, నొప్పి" అంది.

"ఏం కాదు, మామూలే. ఊరికే హైరానా పడకు," అంది మగగొంతు. చెయ్యి ఆగలేదు, ఇంకా తోసింది.

ఆమె వీడియో ఆపేసింది. లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. ఆ మాటలు ఆమెకు కంఠతా వచ్చు. రెండేళ్ళ కిందట ఆమె కడుపు పట్టుకుని వంగిపోతే భర్త ఇవే మాటలన్నాడు. గ్యాసన్నాడు. ఇంటికొచ్చిన తన స్నేహితులకు వడ్డించమన్నాడు. తనూ డాక్టరై ఉండి ఆ మాట నమ్మింది, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వడ్డించింది, గిన్నెలూ తోమింది. తెల్లారేసరికి అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్ అయ్యాక చూడవచ్చిన వాళ్ళందరితో "మా ఆవిడకి ఓర్పెక్కువ" అని గొప్పగా చెప్పుకున్నాడు.

ఆమె పరీక్షల పెద్దాయనకు ఫోన్ చేసింది. "సార్, ఈ గొంతు మా ఆయనది. ఇంకెవరికైనా ఇవ్వండి."

"భలేవారే! ఇంటి మనిషేగా, మీరే కానిచ్చెయ్యండి. ఎవరు చూడొచ్చారు?" అని నవ్వి పెట్టేశాడాయన.

వీడియో చివరిదాకా చూసింది. బొమ్మ మూలుగుతూనే ఉంది, చెయ్యి తోస్తూనే ఉంది. రేపు ఆ బల్ల మీద బొమ్మ ఉండదు, ఎవరో ఒక మనిషి ఉంటుంది. 'ఒంటరిగా చేయడానికి తగరు' అన్నచోట నొక్కింది. కారణం అడిగితే రాసింది: "రోగి నొప్పి అంటే నమ్మరు. ఇంతకుముందూ ఒక రోగిని నమ్మలేదు."

పంపబోయి ఆగి, మరో వాక్యం చేర్చింది.

"ఆ రోగి నేనే, ఆయన భార్యని."