గుండీలే మిగిలాయి

మా టైలర్ షాపులో ఎవరి బట్టలైనా సరే, ఎప్పుడడిగినా గుండీలే మిగిలి ఉంటాయి. గుడ్డ మడత కూడా విప్పకపోయినా మాస్టర్ నోట అదే మాట: "అయిపోయిందండీ, గుండీలే మిగిలాయి." గుండీలు కుట్టేది నేను. అంటే ఆలస్యమంతా నావల్లేనన్నమాట! మూడేళ్ళుగా ఈ నింద మోస్తున్నాను.

పోనీ, వచ్చేవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? వచ్చే నెల పెళ్ళిని ఎల్లుండే అంటారు. మాస్టర్ మనసులో దాన్ని మళ్ళీ నెల చేసుకుంటాడు. ఆయన రేపంటే వాళ్ళు వారం అనుకుంటారు. ఈ భాష ఒంటబట్టడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఐదేళ్ళ మా పాపకి ఇంకా పట్టలేదు.

బడి వదలగానే పాప షాపుకే వస్తుంది. ఇంట్లో ఎవరున్నారు గనక! మా ఆయన లారీ ఎక్కితే పది రోజులకి గాని దిగడు. అత్తగారు ఆడపడుచు దగ్గరుంటారు. "ఆ మూల కూర్చుని బొమ్మలు గీసుకోమను. నోరు మాత్రం తెరవకూడదు" అని మాస్టర్ ఒప్పుకున్నాడు. ఆ మూల లేకపోతే నాకీ పనీ లేదు.

మంగళవారం బ్యాంకు మేడమ్ వచ్చింది. చెల్లెలి పెళ్ళికి పొడుగు గౌను కుట్టమని నీలం గుడ్డ ఇచ్చి మూడు వారాలైంది.

"ఏం మాస్టర్, అయిందా? గురువారమే పెళ్ళి!"

"అయిపోయింది మేడమ్. గుండీలే మిగిలాయి."

"నీలం గుడ్డా?" అంది పాప, గీస్తున్న బొమ్మ మీంచి తలెత్తకుండా. "అది కవర్లోనే ఉంది ఆంటీ. నేను రోజూ దానిమీదే పడుకుంటా. భలే మెత్తగా ఉంటుంది."

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"రేపొస్తాను. అప్పుడు తేల్చుకుందాం" అని మేడమ్ విసురుగా వెళ్ళిపోయింది. మాస్టర్ నామీద పడ్డాడు.

"నా పరువు తీసింది నీ కూతురు! రేపు ఆవిడ రాగానే 'నేను అబద్ధం చెప్పాను ఆంటీ' అని దానితో అనిపించు. లేదా ఇద్దరూ ఇంట్లోనే కూర్చోండి."

ఒళ్ళు మండిపోయింది. అయినా ఇంటికెళ్ళే దారంతా పాపకి ఆ మాటే నేర్పిస్తూ నడిచాను.

"నేను అబద్ధం చెప్పలేదుగా?"

"చెప్పలేదు తల్లీ."

"మరి చెప్పానని చెప్తే, అది అబద్ధం కదమ్మా!"

పళ్ళు తోమకుండానే తోమానందని పొద్దున్నే దీన్ని గోడ దగ్గర నిలబెట్టినదాన్ని నేనే!

మర్నాడు మేడమ్ వచ్చింది. మాస్టర్ గొంతు సవరించుకుని నావైపు చూశాడు. పాప పుస్తకం మూసి లేచి నిలబడింది. చెప్పమంటావా అన్నట్టు నావైపు చూసింది. దాన్ని చూశాక నావల్ల కాలేదు.

"పాప నిజమే చెప్పింది మేడమ్. గుడ్డ పొద్దున్నే కత్తిరించారు. శుక్రవారం నాలుగింటికి ఇస్తాం. ఇంకోమాట, ఈ షాపులో గుండీల వల్ల ఏదీ ఆగలేదు! ఏనాడూ ఆగలేదు!"

చివరిది అరిచినట్టే అన్నాను. మూడేళ్ళ కోపం మరి.

మేడమ్ హ్యాండుబ్యాగు జిప్పు లాగింది, మళ్ళీ వేసింది. "శుక్రవారమా? సరే... వస్తాను."

"పెళ్ళి గురువారం కదా మేడమ్?" అన్నాడు మాస్టర్, ఏమీ ఎరగనట్టు.

"గురువారమే. వచ్చే నెల గురువారం."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మాస్టర్ గుమ్మంలోంచి ఇటు తిరిగాడు.

"చూశావా! ఎంత అబద్ధమాడిందో చూశావా! మనుషుల్లో నీతి అనేదే లేకుండా పోయింది!"

నాకు నవ్వు రాలేదు. మాస్టర్ గొంతు తగ్గించాడు. "నువ్వు పనిలో ఉండు. పాపని మాత్రం ఆ సామాన్ల గదిలో కూర్చోబెట్టి తెర లాగెయ్. వచ్చేవాళ్ళకి కనబడకూడదు."

పని నిలబడింది, సంతోషించాలి. పాప చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి నడిచాను. అబద్ధమాడిన పెద్దవాళ్ళిద్దరూ దర్జాగా ఉన్నారు. నిజం చెప్పిన పిల్లకేమో తెర చాటు!

"ఇక్కడెందుకమ్మా?"

"ఇక్కడైతే గాలి బాగా వస్తుంది తల్లీ."

పాప నాలుగు గోడలూ చూసింది. తలెత్తి పైకీ చూసింది.

"కిటికీ ఏదమ్మా?"