కుడివైపు రొట్టె

వ్యాపార ప్రణాళిక రాయడానికి కదిరమ్మకు మూడు రోజులు పట్టింది. బడి ముఖం చూడని మనిషి. బస్సుల బోర్డులు, పొట్లాల కాగితాలు చూసి చూసి, ముసలితనంలో తనంతట తానే కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. బత్తలపల్లె బస్టాండులో రేకుల కొట్టు ఒకటి ఖాళీగా ఉందనీ, మహిళా సంఘంలో ఎవరి ప్రణాళిక బాగుంటే వాళ్లకే ఇస్తారనీ విన్నప్పటి నుంచి ఆమెకు కుదురు లేదు. రోడ్డు పక్కన ఎండలో పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చడానికి ఇక ఒళ్లు సహకరించడం లేదు.

ఏ పూట ఎన్ని రొట్టెలు పోతాయో, చెనక్కాయల చట్నీ కోసం ఎవరెవరు వెతుక్కుంటూ వస్తారో అన్నీ రాసింది. ఒక్కచోట ఆగిపోయింది. ‘మీ పోటీదారు ఎవరు? వారి లోపం ఏమిటి?’

సంఘానికి ఈ రాతకోతలు నేర్పే నందిని ముందే చెప్పింది. “ఆ గడి ఖాళీ పెడితే మార్కులు పోతాయవ్వా. మొహమాటం లేకుండా రాయి.”

కదిరమ్మ రాసింది. లక్ష్మక్క. కుడికన్ను కనబడదు. ఆ వైపు రొట్టె మాడినా తెలియదు.

ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. పదకొండేళ్లు ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నారు. చూపు పోయిన ఏడాది లక్ష్మక్క ఆమె చెవిలో మాత్రమే చెప్పి, “నువ్వు నా కుడిపక్కన కూచో కదిరీ” అంది. అప్పటి నుంచి ఆ వైపు రొట్టె కదిరమ్మే తిప్పేది. నాలుగేళ్ల కిందట మాటా మాటా వచ్చి లక్ష్మక్క తన పొయ్యి రోడ్డవతల పెట్టుకుంది. ఆ రోజు ఆమె పెనం చంకన పెట్టుకుని రోడ్డు దాటుతుంటే, కుడివైపు నుంచి లారీ ఏదైనా వస్తుందేమోనని కదిరమ్మ చూస్తూ నిలబడింది. ఉండమని మాత్రం అనలేదు.

శుక్రవారం సంఘం కూర్చుంది. ప్రణాళిక అందరిముందూ చదవాలి, పదిమందీ సంతకమో వేలిముద్రో వేయాలి. సాయంత్రం బస్సుకు నందిని కాగితాలు తీసుకుపోతుంది.

కదిరమ్మ చదువుతూ వచ్చి ఆ గడి దగ్గర ఆగింది. “పోటీదారులు... ఎవురూ లేరు.”

“మరి రోడ్డవతల నేను కూచునేది ఈగలు తోలేదానికా?” అంది లక్ష్మక్క.

“నువ్వొక పోటీనా? నీ రొట్టె కొరకను నాకు పండ్లు యాడ ఉండాయి” అంది సంఘంలోని ఇంకో ముసలామె నాగలక్ష్మమ్మ.

అందరూ నవ్వారు. కదిరమ్మకు చెవులు కాలిపోయాయి.

వేలిముద్రల వంతు వచ్చింది. లక్ష్మక్క బొటనవేలికి సిరా అద్దుకుని వచ్చి, పాత అలవాటు కొద్దీ కదిరమ్మను తన కుడిపక్కకు తీసుకుని కూర్చుంది. “యాడ వేయాల్నో చూపీ” అంది మెల్లగా. “బాగా రాసినావు లే. కొట్టు నీకే రావాల.”

వేలిముద్రకు చోటు సరిగ్గా లక్ష్మక్క కన్ను గురించి రాసిన మాటల కిందే ఉంది. కదిరమ్మ ఆ వేలు పట్టుకుంది. కాగితం దాకా తెచ్చింది. తెచ్చి, వదిలేసింది. కాగితం మడిచి రొంటిన దోపుకుంది.

“తప్పు రాసినాను. ఇది ఇయ్యను.”

“బస్సుకు అరగంట కూడా లేదవ్వా” అంది నందిని. “ఏం తప్పో చెప్పు, నేను దిద్దుతా.”

“అందరిలో చెప్పేది కాదమ్మా.”

“అట్లయితే కొట్టు అడిగిన ఇంకొకామె, ఈశ్వరి కాగితం ఒక్కటే పోతాది. కొట్టు ఆమెకే.”

కదిరమ్మ తలూపింది.

ఇంటిదారిలో లక్ష్మక్క వెంట వచ్చింది, మునుపటిలా ఆమెను కుడిపక్కన ఉంచుకుని. “నన్ను గురించి ఏం రాసినావు?”

కదిరమ్మ తలెత్తకుండా చెప్పింది. రాసిన మాటలే చెప్పింది, ఒక్కటీ తగ్గించలేదు.

“ఉన్నదే కదా రాసినావు” అంది లక్ష్మక్క. తిట్టలేదు. నడుస్తూనే ఒక అడుగు వెనకబడి, కదిరమ్మ వెనక నుంచి చుట్టి వచ్చి, అవతలి పక్కన నడవసాగింది.

ఇప్పుడు కదిరమ్మ ఆమెకు ఎడమవైపు ఉంది, చూపున్న కంటి వైపు. ఇల్లు వచ్చేదాకా అలాగే నడిచారు.