రెండు పూతల గోడ

ప్రార్థన షెడ్డుకు సిమెంటు పూత వెయ్యాలని పాస్టరుగారు కబురు పెట్టినప్పుడే మేస్త్రికి ఏదో తేడాగా తోచింది.

ఆ సంఘంలో ఎవరి ఇంటి గోడకూ పూత ఉండదు. ఇటుక పేర్చి, పైన రేకు వేసి, అక్కడితో ఆపేస్తారు. ప్రభువు నేడో రేపో వస్తుంటే గోడలకు సోకులేమిటని పాస్టరుగారే ఏళ్ల తరబడి చెప్పాడు. ఎవడైనా పూత వేయిస్తే వాడికి విశ్వాసం పలచబడిందని వెనకాల గొణుక్కునేవారు. తాపీ పట్టుకుని బతికే మేస్త్రి సొంత ఇల్లు కూడా ఎర్రటి ఇటుకతోనే నిలబడి ఉంది. దారిన పోయేవాళ్లు నవ్వుకునేవారు. భార్య మాట కాదనలేక అలా వదిలేశాడు. ఇప్పుడు భార్య లేదు. పూత వెయ్యడానికి మనసూ లేదు.

ఆమెకు కడుపులో గడ్డ లేచింది. కోసి తీసెయ్యాలన్నారు ఆస్పత్రిలో. పాస్టరుగారు ఇంటికొచ్చి, నెత్తిన చెయ్యి పెట్టి, "మన తరం గడవకముందే ఆయన వస్తాడు తల్లీ, కత్తి దేనికి?" అన్నాడు. ఆమె నమ్మింది. ఎదురుచూస్తూనే పోయింది. ఆ రోజు నుంచి మేస్త్రి ప్రార్థనకు మోకాలు వంచలేదు. ఆదివారాలు కూతుర్ని షెడ్డు దాకా దిగబెట్టి, లోపలి మాటలు చెవిన పడనంత దూరంలో నిలబడేవాడు.

ఇప్పుడు కూతురికీ అదే గడ్డ, అదే చోట. ఈ నెల దాటితే తన చేతుల్లో ఉండదని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. కూతురు వినదు. "అమ్మ ఆగలేదా? నేనూ ఆగుతాను," అంటుంది. మేస్త్రి బతిమాలాడు, తిట్టాడు, అన్నం మానేశాడు. ఆ పిల్ల కుట్టుమిషను ముందు కూర్చుని తల ఎత్తదు. పెంకితనం తల్లిది, నోరు తండ్రిది. రెండూ ఒకచోట చేరితే ఇంకెవరి మాట చెల్లుతుంది?

షెడ్డులో మేస్త్రి గోడ మీద నీళ్లు చల్లి, రసమట్టం ఆనించి చూశాడు.

"ఒక పూతా, రెండా?"

"రెండు వెయ్యండి మేస్త్రీ. పైన నున్నగా రావాలి."

"రెండు వేస్తే మనవల కాలం దాకా ఉంటుంది అయ్యగారూ."

"ఉండాలి కదా మరి," అన్నాడు పాస్టరుగారు. అని, నాలుక కరుచుకున్నాడు.

మేస్త్రి తాపీని తట్టలో పడేశాడు.

"ఎవరి మనవలు? నేడో రేపో అన్నారుగా?"

పాస్టరుగారు వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడు.

"చాలాకాలంగా చదువుతున్నాను మేస్త్రీ. ఈ తరం గడవకముందే అని ప్రభువు అన్నది మనతో కాదు. ఆయన ఎదురుగా నిలబడి విన్నవాళ్లతో. అలాగే జరిగింది కూడా. వాళ్ల రోజుల్లోనే రోము సైన్యం వచ్చి వాళ్లుండే పట్నాన్ని చుట్టుముట్టింది. లోపల జనం ఆకలికి మాడి చచ్చారు. గుడి తగలబడింది. దాన్ని రాయి మీద రాయి లేకుండా పీకేశారు. సూర్యుడు నల్లబడటం, చుక్కలు రాలిపోవడం అంటే నిజంగా రాలడం కాదు. ఒక రాజ్యం కూలేటప్పుడు పాత ప్రవక్తలు మాట్లాడే తీరే అది. ముందుంది అనుకుని మనం వణికిందంతా ఎన్నో వందల ఏళ్ల కిందటే అయిపోయింది."

"రాయి మీద రాయి లేకుండానా?" అన్నాడు మేస్త్రి. "కట్టినవాడెవడో, పాపం."

పాస్టరుగారు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు.

"మరి మా ఆవిడ దేనికోసం కాచుకుంది అయ్యగారూ?"

గోడ మీద చల్లిన నీళ్లు కారి కింద మడుగు కట్టాయి.

"తప్పు చెప్పాను," అన్నాడు చివరికి పాస్టరుగారు. "ఆ సంగతి తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు."

"మీ నిద్ర నాకెందుకు? ఇదే మాట వచ్చి మా అమ్మాయికి చెప్పండి."

"ఇప్పుడే బయటపెడితే సంఘం ముక్కలైపోతుంది. నెమ్మదిగా, ఒక్కొక్క వాక్యం విప్పి చెప్పుకుంటూ..."

"గోడకి ముందు చెప్పారన్నమాట. మనుషులకి తర్వాత."

"అలా అనకండి మేస్త్రీ. ఇటుక నానిపోతోందని..."

"మా ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టిన రోజు ఈ నెమ్మది ఎటుపోయింది?"

పాస్టరుగారు చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"నేను రానంటే?"

"ఆదివారం నేనే లోపలికొస్తా. ఈ గోడకి రెండు పూతలెందుకని అందరి ముందూ అడుగుతా. మనవాళ్లకి చదువు లేకపోవచ్చు. పూత అంటే ఏంటో తెలుసు."

ఆ సాయంత్రమే పాస్టరుగారు ఆ ఇటుక ఇంటికొచ్చాడు. కూతురు మిషను ఆపి, మెడలోని టేపు తీసి పక్కన పెట్టి, కుర్చీ జరిపింది. ఆయన తడబడుతూ మొదలుపెట్టాడు. పట్నం, ముట్టడి, మంటలు అన్నీ చెప్పాడు. పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా మధ్యమధ్య మేస్త్రి వైపు చూశాడు. తల్లి విషయంలో తను చెప్పింది తప్పని కూడా అన్నాడు. ఆమె అడ్డు తగలకుండా విన్నది.

"అయితే మబ్బుల మీద రావడం?"

"ఆ పట్నం మీదికి తీర్పు వచ్చిందని అర్థం."

"సమాధుల్లో ఉన్నవాళ్లు లేవడం? అదీ అయిపోయిందా?"

"అయిపోయిందంటారు కొందరు. ఇంకా ఉందంటారు కొందరు. ఆ ఒక్కటీ నాకింకా తేలలేదు తల్లీ."

"తేలలేదు," అని ఆమె బట్ట మీది దారప్పోగు తీసి పారేసింది. "ఆయనొస్తే అమ్మ లేస్తుందని, నేను చావకుండానే అమ్మని చూస్తానని ఆగాను అయ్యగారూ. గడ్డ మీద ప్రేమ పుట్టి కాదు."

మేస్త్రి తల తిప్పి కూతుర్ని చూశాడు. ఇన్నాళ్లూ ఈ పిల్ల దేవుడి కోసం కాచుకుందనుకున్నాడు. వాళ్లమ్మ కోసమని ఒక్కసారీ తట్టలేదు.

"మీ అమ్మ ఆయన దగ్గరే ఉంది తల్లీ."

"మీకు తెలుసా, అనుకుంటున్నారా?"

"అనుకుంటున్నాను."

"పోయినసారి తెలుసన్నారు."

పాస్టరుగారు లేచాడు. వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయాడు. కూతురు మళ్లీ మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు.

"నాన్నా, పాస్టరుగారు దీన్ని నమ్మకపోయినా, అబద్ధం చెప్పించడానికైనా ఆయన్ని తీసుకొచ్చేవాడివి కదూ?"

"తెచ్చేవాణ్ణి."

"నాకు తెలుసు." సూదిలోంచి దారం లాగేసింది. "ఆస్పత్రికి వస్తాను. ఇంక ఆగడానికి ఏముంది?"

అతను కోరుకున్నది అదే. అయినా ఆ మాట విన్నాక చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆస్పత్రి వసారాలో ఇనప కుర్చీలు గోడకు బిగించి ఉన్నాయి. కూతుర్ని లోపలికి తీసుకెళ్లేటప్పుడు ప్రార్థన చెయ్యమని ఆమె అడగలేదు. చేస్తానని అతనూ అనలేదు. కాసేపటికి పాస్టరుగారు వచ్చి ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. చేతులు జోడించి, పెదవులు కదిపాడు.

"మనసులో చేసుకోండి," అన్నాడు మేస్త్రి. "నాకు వినపడకూడదు."

నర్సులు వస్తూ పోతూ ఉన్నారు. ఎవరో నేల తుడిచి, కాళ్లు ఎత్తమన్నారు. ఇద్దరూ ఎత్తారు.

మధ్యాహ్నం భోజనాల వేళకి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"తీసేశాం పెద్దాయనా. మెత్తటి గడ్డే, పెద్దగా కష్టపెట్టలేదు. నాలుగు రోజుల్లో లేచి తిరుగుతుంది."

"ఇంతేనా?" అన్నాడు మేస్త్రి.

"ఇంతే. ఇంకేం కావాలి మీకు?" అని ఆమె నవ్వి వెళ్లిపోయింది.

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. కష్టమైతే బాగుండేది. తెల్లారేదాకా పెనుగులాడాం, అతికష్టం మీద దక్కింది అని డాక్టరమ్మ అని ఉంటే, మా ఆవిడ ఎలాగూ దక్కేది కాదులే అనుకునేవాడు. ఒక్క పూట పని. ఆవిడ ఆ పూట కూడా ఇవ్వలేదు, దేవుడొస్తాడని.

పక్కన పాస్టరుగారి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడు. లేచి దగ్గరికి వచ్చి, మేస్త్రి చెయ్యి పట్టుకోబోయాడు.

"నన్ను క్షమించారా మేస్త్రీ?"

మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లేదు. ఇంటికెళ్లండి అయ్యగారూ. మా అమ్మాయి కళ్లు తెరిచేసరికి మీ మొహం ఇక్కడ ఉండకూడదు."